ముప్పై రెండు కన్నాలు

మే 28

కాలేజీ ప్రిన్సిపాల్ గారు పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. జిల్లాకి వందేళ్ళు నిండుతున్నాయట, పుస్తకం వేస్తున్నారట, అందులో కొండ పొలాల చరిత్ర నేనే రాయాలట. "మీరు కాకపోతే ఇంకెవరు రాస్తారండీ? ముప్పై ఏళ్ళు వ్యవసాయాధికారిగా ఈ కొండలన్నీ ఎక్కి దిగారు" అన్నారు. ముప్పై కాదు, ముప్పై నాలుగు. దిద్దలేదు.

మా ఆవిడ కాఫీ ఇస్తూ, "రాస్తారు లెండి. ఇంట్లో కూర్చుని నా వంటకి వంకలు పెట్టడం కంటే అది నయం" అంది. దాంతో ఒప్పుకున్నట్టే అయింది. ముప్పై పేజీలు. జూలై పదిహేనుకి ప్రెస్సుకి వెళ్ళాలి.

ఈ నోటుబుక్కు వేరే. పుస్తకంలో పట్టనివి ఇందులో రాసుకుంటాను. పాత రేడియో వెనక పెడతాను. అది పాడై పన్నెండేళ్ళయింది. మా ఆవిడ దుమ్ము దులపడానికి కూడా అటు వెళ్ళదు.

మే 30

మొదటి పేజీ బాగానే వచ్చింది. ఈ కొండల మీద మొదట్లో మట్టే లేదు. ఉన్నదంతా రాయి. కింద లోయ నుంచి మట్టిని బుట్టలతో మోసుకొచ్చి పోశారు. ముందు రాతిగోడ కట్టడం, దాని వెనక మట్టి నింపడం, చదును చేసి విత్తడం. ఒక మెట్టు పొలం తయారవడానికి పదేళ్ళు పట్టేది. అందుకే ఇక్కడివాళ్ళు పొలాన్ని ఎకరాల్లో చెప్పరు, గోడల్లో చెప్తారు. ఫలానావాడికి ఏడు గోడలున్నాయి, మా చెల్లెలి ఇల్లు మూడు గోడల అవతల, ఇలా.

మాటలు మహా పొదుపు. బాగున్నారా అని అడిగితే వీడికి నాతో ఏం పనిబడిందా అని అనుమానంగా చూస్తారు. కానీ వాన వెలిసిన మర్నాడు ఎదురుపడిన ప్రతి మనిషినీ ఒకటే అడుగుతారు. "గోడ నిలిచిందా?" "నిలిచింది." అంతే, ఎవరి దారిన వాళ్ళు పోతారు. గట్టు తగాదాతో రెండేళ్ళు మొహాలు చూసుకోని అన్నదమ్ములు కూడా ఆ ఒక్క మాట అడగడం నేను కళ్ళారా చూశాను.

ఆ గోడల్లో సున్నం ఉండదు, సిమెంటు ఉండదు. రాయి మీద రాయి పేర్చడమే. వెనకనున్న మట్టి వానకి నానినప్పుడు ఆ నీళ్ళు బయటికి పోవడానికి గోడలో వరసగా కన్నాలు వదులుతారు. ఎన్ని వదలాలో, ఎక్కడ వదలాలో గోడ మేస్త్రికే తెలుస్తుంది.

మేస్త్రి కట్టిన గోడ కూలి మనిషి పోతే, ఆ మేస్త్రి తన సుత్తి తీసుకెళ్ళి మేస్త్రుల సంఘం షెడ్డులో మేకుకి తగిలించి వచ్చేస్తాడు. ఎవరూ అడగరు, ఎవరూ బలవంతం చెయ్యరు. ఇక జన్మలో రాయి ముట్టుకోడు. ఆ మాట మీద ఒక పేరా రాసి కొట్టేశాను. పేజీ మరీ పొడుగైపోతోంది.

జూన్ 2

ఏమీ రాయలేదు. మోకాలు నొప్పి.

జూన్ 3

మోకాలు.

జూన్ 5

తొమ్మిదో మెట్టు గోడ కూలిన సంవత్సరం దగ్గరికి వచ్చాను. "ఆ ఏడాది వాన హద్దు మీరింది" అని రాసి ఆగాను.

హద్దు మీరిన మాట నిజం. మూడు రోజుల్లో ఆ నెలంతా పడాల్సిన వాన పడింది. ముప్పై ఒక్క ఏళ్ళ కిందటి సంగతి. మధ్యాహ్నం రెండు దాటాక తొమ్మిదో గోడ పొట్ట ఉబ్బింది. దాని కింద ఒకే ఒక్క ఇల్లు ఉంది, ఆ గోడ కట్టిన మేస్త్రి బావమరిదిది. అందరూ బయటికి వచ్చేశారు. విత్తన గడ్డల బస్తాలు లాక్కురావడానికి ఆయన ఒక్కడూ మళ్ళీ లోపలికి వెళ్ళాడు. మంచి బంగాళాదుంప విత్తనం, మా శాఖ తరఫున నేనే ఇప్పించాను.

రిపోర్టు కూడా నేనే రాశాను. నీరు పోవడానికి తగిన కన్నాలు వదలకపోవడం వల్ల గోడ కూలిందని.

వాన మాత్రం హద్దు మీరింది. అది ఎవరూ కాదనలేరు.

జూన్ 6

మేస్త్రికి తెలుసు. తెలిసే ఊరుకున్నాడు. సంతలో ఎప్పుడైనా ఎదురైతే తల దించుకుని దారి వదులుతాడు. నా మొహం చూడటం ఇష్టంలేని మనిషి చేసే పని అది. పైగా ఏటా కాపు రాగానే మా ఇంటికి బుట్టెడు బేరిపళ్ళు పంపుతాడు. చీటీ ఉండదు, మాట ఉండదు. మరిచిపోయాననుకోకు సుమా అని గుర్తు చెయ్యడం కాకపోతే మరేమిటి?

నేను వాటిని ముట్టను. నాకు బేరిపళ్ళు పడవని మా ఆవిడతో చెప్పాను. ఆవిడే తింటుంది, మిగిలినవి పక్కింటివాళ్ళకి పెడుతుంది.

పోనీలే. ఆయనకి తెలుసు కనక కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు.

జూన్ 9

మేస్త్రి కూతురు వచ్చింది. గుమ్మంలో నిలబడిపోయింది. "లోపలికి రా అమ్మా, అక్కడే ఆగిపోయావేం?" అని మా ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టింది. ముప్పై మూడేళ్ళుంటాయి. వేళ్ళన్నీ రాళ్ళు మోసి కాయలు కాసి ఉన్నాయి.

ఈ వానాకాలం లోపల పాత గోడలు బాగుచెయ్యడానికి మేస్త్రుల సంఘం ఒక జట్టు కడుతోందట. ఆ జట్టులో చేరతానని అడిగిందట. ఆడపిల్లవి అని అడ్డు చెప్పలేదట, అది ఒప్పుకున్నారట. "మీ నాన్న గోడ పడింది, మీ ఇంటి చేతికి రాయి ఇవ్వం" అన్నాడట జట్టు పెద్ద.

"పని ఎవరి దగ్గర నేర్చుకున్నావు?" అని అడిగాను.

"మా నాన్న దగ్గరే. ఆయన రాయి ముట్టుకోడు కదండీ. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని నోటితో చెప్పేవాడు. ఆ రాయి తిప్పు, ఇది కాదు, దాని పక్కది, అడుగు భాగం లోపలికి పెట్టు అని. నేను పేర్చేదాన్ని."

"మరి నా వల్ల ఏం కావాలి?"

"మీరు కొండ పొలాల చరిత్ర రాస్తున్నారని విన్నాను. మీ మాటంటే వాళ్ళకి గురి. ఒక ఉత్తరం రాసివ్వండి సార్. మా నాన్న కన్నాలు వదలడం మర్చిపోయాడు, నిజమే. కానీ నేను మర్చిపోను. అది చూసి రాయండి."

మా ఆవిడ నావైపు చూసింది. వెళ్ళకపోతే బాగుండదని వెళ్ళాను. వాళ్ళ పెరట్లో అది కట్టిన గోడ చూపించింది. నడుమెత్తు గోడ. ఎనిమిది కన్నాలు చాలు. పద్నాలుగు వదిలింది. "ఇన్నెందుకమ్మా?" అన్నాను. "భయం సార్" అంది.

మేస్త్రి ఇంట్లో లేడు. ఉన్నా బయటికి వచ్చేవాడు కాడేమో.

జూన్ 10

రాస్తున్నాను. ఇక్కడైనా రాయకపోతే ఈ నోటుబుక్కు ఎందుకు?

మేస్త్రి కన్నాలు వదిలాడు. ముప్పై రెండు. నేనే మూయించాను.

గోడ కూలడానికి నాలుగు నెలల ముందు ఎండాకాలం మండిపోతోంది. తొమ్మిదో మెట్టు మీద నేను వేయించిన బంగాళాదుంప ఉంది. కొత్త రకం. నాలుగు రోజుల్లో మా డైరెక్టరు గారు చూడ్డానికి వస్తున్నారు. పెట్టిన నీళ్ళు పెట్టినట్టే కన్నాల్లోంచి కారిపోతున్నాయి. ఆకులు వాలిపోయాయి. మేస్త్రి అప్పుడు అవతలి కొండ మీద పనిలో ఉన్నాడు. ఇద్దరు కూలీల్ని పిలిచి, బస్తా సిమెంటు తెప్పించి ఒక్క పూటలో అన్నీ మూయించాను. పైవరసలో పది, నడిమి వరసలో పదకొండు, కింద పదకొండు. బయటికి తెలియకుండా చిప్ప రాళ్ళు పెట్టి మట్టి మెత్తించాను. డైరెక్టరు గారు వచ్చారు, నా భుజం తట్టారు, ఫొటో తీయించుకున్నారు.

వానలు మొదలయ్యే ముందు తెరిపించాలనుకున్నాను. నిజంగా అనుకున్నాను. డైరీలో రాసుకున్నాను కూడా. తర్వాత ట్రైనింగు అని పక్క జిల్లాకి పంపారు. తిరిగొచ్చిన మూడో రోజుకి వాన పట్టుకుంది.

కూలిన రాళ్ళని రెండు రోజుల్లో లారీల్లో ఎత్తించేశాను. దారికి అడ్డమని చెప్పాను. మేస్త్రి అప్పుడు బావమరిది అంత్యక్రియల్లో ఉన్నాడు. ఆ ఇద్దరు కూలీల్లో ఒకడు ఊరు విడిచిపోయాడు, ఇంకొకడు ఇప్పుడు లేడు.

నాకు అప్పుడు ముప్పై ఆరేళ్ళు, ఇద్దరు చిన్నపిల్లలు. ఉద్యోగం పోతే ఎలా అనుకున్నాను. ఇది రాస్తుంటే కూడా ఆ ముక్క ఎందుకు చేర్చానో నాకు తెలుసు.

జూన్ 11

ఉత్తరం రాసిచ్చాను. "తండ్రి కట్టిన గోడ కన్నాలు లేక కూలిన మాట వాస్తవమే అయినా, ఆ లోపం ఈమె పనిలో ఎక్కడా లేదు. నేను స్వయంగా చూశాను." కింద సంతకం.

"ఎంత మంచి పని చేశారండీ" అంది మా ఆవిడ. రెండోసారి పెరుగు వేసింది.

పిల్లకి పని దొరుకుతుంది. అది ముఖ్యం. మేస్త్రికి ఎలాగూ అసలు సంగతి తెలుసు. ఆయన ఏమీ అనుకోడు.

జూన్ 17

అది మళ్ళీ వచ్చింది. జట్టులో చేర్చుకున్నారట. మొహం వెలిగిపోతోంది. మా ఆవిడ పాదాలకి దణ్ణం పెట్టబోతే ఆవిడ వద్దని లేవనెత్తింది.

"నాన్న ఆ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాడు సార్. ఆఫీసరు గారు మళ్ళీ మనల్ని కాపాడారమ్మా అన్నాడు."

"మళ్ళీ అంటే?"

"అప్పుడు కేసు పెట్టకుండా మీరే కదా చూశారు. కావాలని చేసింది కాదు, పొరపాటే అని రాశారంట. లేకపోతే జైలుకి పోయేవాణ్ణని ఎన్నిసార్లు చెప్పాడో. చెట్టు కాపుకొస్తే మొదటి బుట్ట మీ ఇంటికి పంపిగానీ మమ్మల్ని పండు ముట్టుకోనిచ్చేవాడు కాదు."

మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టేశాను. అది చూసిందో లేదో.

"మీ నాన్నకి ఆ గోడ కట్టడం గుర్తుందా?" అని అడిగాను.

"ఉంది. కన్నాలు వదిలాననే గుర్తుందంటాడు. కానీ నేను అప్పుడు ఎనిమిది నెలల పిల్లని, జ్వరమొచ్చి చావు తప్పి బయటపడ్డాను. ఇంటికీ గోడకీ తిరుగుతూ కట్టాడంట. మనసు అక్కడ లేదు, అందుకే మర్చిపోయి ఉంటాను అంటాడు." కాయలు కాసిన వేళ్ళు చూసుకుంది. "మా అమ్మ మాత్రం ఒప్పుకోలేదు సార్. మా మామయ్యని చంపేశావంది. అది ఆఖరి మాట. ఇరవై తొమ్మిదేళ్ళు అదే ఇంట్లో ఉంది. మా నాన్నతో మళ్ళీ మాట్లాడలేదు. రెండేళ్ళయింది ఆవిడ పోయి."

జూన్ 18

తెలియదు. ఆయనకి తెలియదు.

జూన్ 19

తల దించుకుని దారి వదిలింది సిగ్గుతో. నా ఎదుట సిగ్గుపడ్డాడు. నా ఎదుట!

జూన్ 21

విత్తనాల అధ్యాయం రాశాను. పదకొండు పేజీలు. పూర్వం ఏయే పంట వేసేవారు, మేకలు ఎప్పుడొచ్చాయి, పళ్ళతోటలు ఎప్పుడొచ్చాయి. ఎంత కావాలంటే అంత వస్తోంది. తొమ్మిదో మెట్టు పేజీ మాత్రం అలాగే ఉంది. ఆ ఏడాది వాన హద్దు మీరింది.

మేస్త్రికి ఇప్పుడు డెబ్భై దాటాయి. ఇన్నేళ్ళ తర్వాత చెప్పి ఆ ముసలి ప్రాణాన్ని కష్టపెట్టడం న్యాయమేనా? ఆలోచించాల్సిన విషయమే. పైగా పిల్లకి ఇప్పుడే పని దొరికింది. కదిలిస్తే జట్టులో మళ్ళీ గొడవ. వాన కూడా పడుతోంది.

పై నాలుగు ముక్కలూ మళ్ళీ చదివాను. ఛీ.

జూన్ 24

రేడియో మీద దుమ్ము లేదు.

నోటుబుక్కు నేను పెట్టినట్టు లేదు, తిరగేసి ఉంది. మా ఆవిడ వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. చప్పుడు లేకుండా సర్దుతోంది. ఆవిడ గిన్నెలు సర్దితే పక్క వీధికి వినిపించాలి.

రోజంతా ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

జూన్ 25

మాట్లాడలేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. ఒక్క రోజుకే నాకు ఊపిరాడట్లేదు. ఆయన ఇరవై తొమ్మిదేళ్ళు.

జూన్ 26

పొద్దున టిఫిను ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఆ పళ్ళు నేను తిన్నాను" అంది. "ముప్పై ఏళ్ళు. ఎంత తియ్యగా ఉన్నాయో అని పక్కింటివాళ్ళకి కూడా పంచాను. మీకు పడవంటే నిజమే కాబోలనుకున్నాను."

నేను టిఫిను పళ్ళెం పక్కకి జరిపాను.

"ఇవాళ వాన లేదు. వెళ్ళి రండి."

"మోకాలు కొండ ఎక్కదే..."

"జీపు మాట్లాడాను. వీధిలో ఉంది. చొక్కా మార్చుకోండి."

తను కూడా వస్తుందేమోనని చూశాను. రాలేదు. తలుపు దగ్గర నిలబడింది, అంతే.

మేస్త్రి వసారాలో పీట మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి కంగారుగా లేవబోయాడు. "తమరు రావడమేంటి బాబూ, కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణి కదా" అన్నాడు. కూతురు లోపలినుంచి కుర్చీ తెచ్చి వేసింది. పని నుంచి అప్పుడే వచ్చినట్టుంది, మోచేతుల దాకా మట్టి. ఇక్కడ ప్రతి ఇంట్లోనూ తలుపు కొట్టుకోకుండా రాయి అడ్డం పెడతారు. వాళ్ళింట్లో చెక్క మొద్దు పెట్టారు.

"ఉత్తరం చదివించుకున్నాను" అన్నాడు మేస్త్రి. "పిల్లకి దారి చూపించారు. తమరి రుణం ఎలా తీర్చుకోవాలో తెలియదు."

"ఆ గోడ సంగతి మాట్లాడాలని వచ్చాను."

తల దించేశాడు. "ఏం మాట్లాడతాం బాబూ. కన్నాలు వదిలాననే గుర్తు. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే వరసలు కనపడతాయి. కానీ తమరు చూసి రాశారు. చదువుకున్నవాళ్ళు, చూసి రాసింది అబద్ధమవుతుందా? నా బుర్రే నన్ను మోసం చేస్తోంది. అందుకే వాన పడితే ఇంట్లో ఉండలేను. ఊరివాళ్ళ గోడలన్నీ తిరిగి కన్నాలు లెక్కపెట్టుకొస్తాను. ఎవరూ ఏమీ అనరు. పిచ్చోడనుకుంటారు."

"మీరు వదిలారు" అన్నాను.

"ఆఁ?"

"కన్నాలు మీరు వదిలారు. నేనే మూయించాను. మీరు అవతలి కొండ మీద ఉన్నప్పుడు. సిమెంటుతో. నా పంటకి నీళ్ళు నిలవాలని. తర్వాత మీరు వదల్లేదని రాశాను. అబద్ధం రాశాను."

ఆయనకి ఎక్కలేదు. కూతురివైపు చూశాడు. అది కదల్లేదు. నేను మొత్తం మళ్ళీ చెప్పాను, నెమ్మదిగా. ట్రైనింగు సంగతి చెప్పలేదు, పిల్లల సంగతి చెప్పలేదు. ఆయన నా నోటికేసే చూస్తున్నాడు.

"ఎన్ని?" అన్నాడు చివరికి.

"ముప్పై రెండు."

"పైవరసలో?"

"పది."

"నడిమి వరసలో పదకొండు" అన్నాడు ఆయనే.

"పదకొండు. కింద కూడా పదకొండు."

"అంతే కదా? అంతేలే! పది, పదకొండు, పదకొండు!" పీట మీదనుంచి లేచాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. మొహమంతా నవ్వు. కళ్ళనుంచి ధారగా నీళ్ళు. ఆ వంకర వేళ్ళతో గాల్లో వరసలు చూపిస్తున్నాడు. వెనక్కి తిరిగి లోపలి గదివైపు గట్టిగా పిలిచాడు.

"ఏమే! విన్నావా? వదిలానంట! నేను వదిలానంట!"

లోపల ఎవరూ లేరు.

ఆ సంగతి ఆయనకి ఒక క్షణం తర్వాత గుర్తొచ్చింది. గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. నా బతుకులో నేను చూసినవాటిలో అది ఒక్కటీ చూడకుండా ఉండాల్సింది. కాదు. చూడాల్సిందే.

కూతురు నా కుర్చీ దగ్గరికి వచ్చింది. గొంతు పెంచలేదు.

"నాకు బుద్ధి తెలిశాక మా అమ్మ నాన్నని పిలవగా నేను వినలేదు సార్. భోజనానికి రమ్మని నాతో చెప్పించేది. ఆయన ఎదురుగానే కూర్చుని ఉండేవాడు, అయినా నాతోనే చెప్పించేది. చచ్చిపోయే రోజు కూడా గోడవైపు తిరిగి పడుకుంది. ఇప్పుడు మా అమ్మకి ఎవరు చెప్తారు?"

నేను కుర్చీలోంచి లేచాను.

"వెళ్ళండి" అంది.

"పెద్దవాళ్ళని అలా అనకూడదమ్మా" అన్నాడు మేస్త్రి, గుమ్మం దగ్గరనుంచే, ఇటు తిరగకుండా.

జూన్ 28

పడుకునే ఉన్నాను. మా ఆవిడ గంజి ఇచ్చింది. "చెప్పారా?" అంది. "చెప్పాను" అన్నాను. అంతే.

జూలై 2

తొమ్మిదో మెట్టు పేజీ రాశాను. హద్దు మీరిన వాన కొట్టేశాను.

"ఆ గోడకి మేస్త్రి ముప్పై రెండు కన్నాలు వదిలాడు. అప్పటి వ్యవసాయాధికారి, అంటే నేను, వాటిని సిమెంటుతో మూయించాను. అందుకే గోడ కూలింది, మనిషి పోయాడు. తప్పు మేస్త్రిదని నేను రాసిన రిపోర్టు అబద్ధం."

నాలుగు ముక్కలు. ఇందుకు ముప్పై ఒక్క ఏళ్ళు పట్టింది.

జూలై 6

ప్రిన్సిపాల్ గారు కాగితాలు పట్టుకుని వచ్చారు. ఆ పేజీ వేలితో పక్కకి జరిపారు.

"ఇప్పుడెందుకండీ ఇదంతా? వందేళ్ళ పండగ పుస్తకం. వాన ఎక్కువగా పడింది, గోడ కూలింది అంటే సరిపోతుంది కదా. అదీ నిజమే కదా."

"నిజమే. ఆ నిజాన్ని నేను చాలా ఏళ్ళు వాడుకున్నాను" అన్నాను. "ఆ పేజీ తీసేస్తే మొత్తం తీసెయ్యండి."

ఆయన మా ఆవిడవైపు చూశారు, నచ్చచెప్తుందేమోనని. "కాఫీ చల్లారిపోతోందండీ" అంది ఆవిడ.

పాత రిపోర్టు అబద్ధమని ఆఫీసుకీ, మేస్త్రుల సంఘానికీ వేరే ఉత్తరాలు పంపాను. వాళ్ళు ఏం చేస్తారో చెయ్యనీ.

జూలై 12

సంఘం పెద్ద స్వయంగా సుత్తి తీసుకెళ్ళి మేస్త్రి చేతికిచ్చాడట. జీపు డ్రైవరు చెప్పాడు. జట్టంతా వెంట వెళ్ళారట. మేస్త్రి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడట. పిడి పుచ్చిపోయి ఉందట. వేళ్ళు ముడుచుకోక రెండుసార్లు జారిపోయిందట. కూతురు తన చేతిని ఆయన చేతి మీద వేసి పట్టిస్తే, ఒక్క రాయి మీద ఒక్క దెబ్బ వేసి తిరిగి దానికే ఇచ్చేశాడట.

నన్ను ఎవరూ పిలవలేదు. ఎందుకు పిలుస్తారు?

జూలై 30

రెండు రోజులు జోరుగా కురిసి వెలిసింది. పొద్దున వీధి చివరిదాకా నడిచాను. ఎదురైన వాళ్ళందరూ ఒకళ్ళనొకళ్ళు అదే మాట అడుగుతున్నారు. పాలవాడు పోస్టుమాన్‌ని అడిగాడు. పోస్టుమాన్ దర్జీని అడిగాడు. నా దగ్గరికి వచ్చేసరికి అందరికీ ఏదో పని గుర్తొచ్చింది.

ఇంటికొచ్చాక మా ఆవిడ అడిగింది. "గోడ నిలిచిందా?"

మాకు గోడలు ఎక్కడున్నాయి? అయినా అడిగింది.

సెప్టెంబరు 19

పుస్తకం వచ్చింది. ఆ పేజీ ఉంది. నూట నలభై మూడో పేజీ. ముప్పై రెండు అన్న అంకె సరిగ్గానే పడింది. ముందు అదే చూశాను.

ఒక కాపీ మేస్త్రికి పంపాను. కూతురు తీసుకుందట.

బేరిపళ్ళ కాపు అయిపోవచ్చింది. ఏటా ఈపాటికి బుట్ట వచ్చేది. నేను పని కల్పించుకుని ఆ వారమంతా పెరట్లోనే తిరిగేవాణ్ణి, బుట్ట కంటబడకుండా. ఈ ఏడు వారం రోజులుగా వీధి గుమ్మంలోనే కూర్చుంటున్నాను. వస్తుందని కాదు. రాదని తెలుసు. రాకూడదు కూడా.

ఇవాళ మా ఆవిడ సంతకి వెళ్ళొచ్చి సంచీలోంచి నాలుగు బేరిపళ్ళు తీసింది. కడిగింది, ఒకటి కోసి పళ్ళెంలో పెట్టి నా ముందుకి జరిపింది.

"తినండి. ఇవి కొన్నవి" అంది.

తిన్నాను. నిజమే, చాలా తియ్యగా ఉంది.